రక్తంలో తేడా అన్న మాట

కొత్తచెరువు శాఖా గ్రంథాలయంలో 'ఆరోగ్యం' అని అట్టముక్క తగిలించిన బీరువా ఒకటి ఉంది. అందులోని పుస్తకాలన్నీ నేను చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. బడిలో చదివింది ఏడో తరగతి వరకే అయినా ఈ మాట చెప్పుకోవడానికి నేను మొహమాటపడను. ఆ పుస్తకాల్లో నాకు కనిపించిన లోటు ఒక్కటే. ప్రతి అధ్యాయమూ జబ్బు పేరుతో మొదలవుతుంది. పేరు, తర్వాత లక్షణాలు, కారణాలు, చికిత్స. మనిషికి జబ్బు ఆ వరసలో రాదు. రిపోర్టులో అంకె బాగాలేదని తెలిసి, ఎందుకు బాగాలేదో ఎవరూ చెప్పలేని నెలలు కొన్ని ఉంటాయి. ఆ నెలల గురించి బీరువాలో ఒక్క పేజీ కూడా లేదు. ఆ పేజీ ఉండాలని ఇది రాస్తున్నాను. నాలాగా రిపోర్టు చేతిలో పట్టుకుని బస్టాండులో కూర్చున్నవాళ్లు చదువుతారని నా ఆశ.

మాది కొత్తచెరువు మండలంలో ఒక పల్లె. మా ఆయన రామాంజి వేరుశనగ వేస్తాడు. వేస్తాడని చెప్పగలను గాని, పండిందని చెప్పగలిగిన ఏళ్లు తక్కువ. వాన తప్పినప్పుడల్లా ఇంటిని నిలబెట్టింది నా కుట్టుమిషనే. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లు చాలావరకు నా దగ్గరికే వచ్చేవి. ఒకసారి ఒంటికి బాగా కుదిరిన జాకెట్టును కొలత కోసం నా దగ్గరే వదిలిపెట్టేవాళ్లు. దాన్ని ఆది జాకెట్టు అంటాము. తర్వాత కొత్త గుడ్డ పంపితే చాలు, ఆది చూసి కుట్టేసేదాన్ని. మిషను వెనక తాడు మీద ఆది జాకెట్లు వరసగా వేలాడుతుండేవి. ఏది ఎవరిదో కళ్లు మూసుకుని తడిమి చెప్పేదాన్ని.

2001 ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. పక్కింటి హనుమక్క తన చెల్లెలి పెళ్లికని గోధుమరంగు పట్టుగుడ్డ ఇచ్చింది. హుక్కులు కుడుతుంటే సూది వేలికి గుచ్చుకుంది. అది మాకు లెక్కలోకి రాదు. వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పని మొదలుపెడతాము. ఆ రోజు రక్తం ఆగలేదు. పసుపు అద్దాను. గుడ్డపీలిక కట్టాను. పీలిక తడిసిపోయింది. నేను చూసుకునేలోగా జాకెట్టు ముందు భాగం మీద చుక్కలు పడ్డాయి.

సాయంత్రం స్నానం చేస్తూ తొడలు చూసుకున్నాను. మిషను చెక్క అంచు తగిలే చోట, నేరేడుపండు నలిపి పూసినట్టు మచ్చలున్నాయి. దెబ్బ తగిలిన గుర్తు లేదు. నొప్పి లేదు. ఏదో బాగాలేదని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన హనుమక్క గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది.

"ఏందే పద్మా, పెండ్లి గుడ్డకు రక్తం పూసినావు?"

"సూది గుచ్చుకునింది హనుమక్కా. ఉప్పునీళ్లతో తీస్తాలే."

"సూది నీకు కొత్తనా? ఇన్నేండ్లు గుచ్చుకోనిది నా గుడ్డకే గుచ్చుకోవల్లనా?" అని నవ్వింది. మరక పోయింది. అయితే ఆ చుక్కలను ఆమె తర్వాత గుర్తు చేసుకుంది. ఆ సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

మా ఊరికి వచ్చిపోయే ఆర్.ఎం.పి. డాక్టరు కంటి రెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువుండాది, ఈ టానిక్కు తాగు" అన్నాడు. తాగాను. పొద్దున పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. కొత్తచెరువులో డాక్టరుకు చూపించుకుంటే సి.బి.పి. అనే రక్తపరీక్ష రాశాడు. ప్లేట్‌లెట్స్, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, లక్షన్నర పైన ఉండాల్సింది యాభైవేలకు తక్కువ ఉన్నాయి. "ల్యాబ్‌లో పొరపాటయి ఉంటుంది, మళ్లీ చేయించండి" అన్నాడాయన. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు ధైర్యంగా తిరిగాను. రెండోసారి చేయిస్తే ఇంకా తగ్గాయి. ఇంకో ల్యాబ్‌కు పోతే అంకె మారింది గాని మంచివైపు మారలేదు.

అప్పుడు అనంతపురం పోయాను. రామాంజి విత్తనం పనిలో ఉన్నాడు కాబట్టి మా అత్త ఓబులమ్మ తోడు వచ్చింది. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, జ్వరాలు వచ్చాయా, నాటుమందు ఏమన్నా తిన్నావా అని అడిగాడు. రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రక్తంలో కొంచెం తేడా ఉందమ్మా. ఎందుకో ఇప్పుడే చెప్పలేము. ఇంకొన్ని టెస్టులు చేద్దాం."

"తేడా అంటే ఏంది సామీ?" అని అడిగింది మా అత్త.

"తేడా అంటే తేడానే అవ్వా. చూద్దాం."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎయిడ్స్ అనే మాటను నోటితో అనేవాళ్లు కాదు. "వానికి రక్తంలో తేడా ఉండాదంట" అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. డాక్టరుకు మా ఊరి సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన మామూలు మాట వాడాడు. మా అత్తకూ ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. మరునాడు నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి ఉంటే, కోడలికి ఏమన్నారని ఎవరో అడిగారు. డాక్టరు చెప్పినది చెప్పినట్టే అప్పజెప్పింది. "మా కోడలికి రక్తంలో తేడా ఉండాదంట."

తర్వాతి నెలలు నా జ్ఞాపకంలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పొద్దున పరగడుపున బస్సెక్కడం, వరసలో కూర్చోవడం, చేయి చాపడం, దూది నొక్కుకుని కూర్చోవడం. మామూలు మనుషులకు కాసేపట్లో ఆగే చోట నాకు చాలాసేపు ఆగేది కాదు. మోచేతి మడతలో నల్లగా కమిలేది. మలేరియా, డెంగీ, కామెర్లు, స్కానింగ్, కీళ్లవాతానికి సంబంధించిన టెస్టు. హెచ్.ఐ.వి. టెస్టు కూడా చేశారు. "ప్లేట్‌లెట్స్ తగ్గినవాళ్లందరికీ చేస్తామమ్మా, భయపడవద్దు" అన్నాడు డాక్టరు. నాన్ రియాక్టివ్ అని, పక్కనే బ్రాకెట్లో నెగటివ్ అని వచ్చింది. అన్నీ నార్మల్ అనే వచ్చాయి. నార్మల్ అనే మాట విని ఏడుపొచ్చే రోజు ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఏదో ఒకటి ఉందని చెబితే, దానితో పోట్లాడవచ్చు. ఏమీ లేదని చెప్పి, అంకె మాత్రం బాగాలేదంటే మనిషి ఎవరితో పోట్లాడాలి?

చదువుకునే అలవాటు ఉంది కదా, బీరువా దగ్గరికే పోయాను. రక్త క్యాన్సర్ గురించిన పుస్తకం ఒకటి ఉంది. ఒంటి మీద నీలిమచ్చలు, చిగుళ్ల రక్తం, నీరసం. ఒక్కొక్క లక్షణమూ నన్ను చూసి రాసినట్టే ఉంది. ఆ పుస్తకాన్ని గడువు పెంచుకుంటూ నా దగ్గరే పెట్టుకున్నాను. గ్రంథాలయాధికారి నారాయణస్వామి సారు ఒకరోజు నా ముందు నిలబడ్డాడు.

"పద్మా, ఆ పుస్తకం ఇంగ ఇచ్చేసేయి."

"ఎవరన్నా అడిగినారా సార్?"

"ఎవరూ అడగలేదు. నేనడుగుతాండా."

పుస్తకం తీసుకుని నా కళ్ల ముందే బీరువాలో పెట్టి తాళం వేశాడు. "డాక్టరు నీకు క్యాన్సరని చెప్పినాడా? లేదు గదా. ఆయన చెప్పేదాకా ఈ పుస్తకం నీకు ఇయ్యను" అన్నాడు. కోపం వచ్చింది. పాఠకురాలిని కదా, నాకు హక్కు ఉందనుకున్నాను. ఆ రాత్రి మాత్రం చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఇంటి దగ్గర వేరే జబ్బు మొదలైంది. హనుమక్క వాకిట్లో నిలబడి, "పద్మా, నా ఆది జాకెట్టు ఇయ్యి" అంది.

"ఏమిటికి హనుమక్కా? బిగుతైందా?"

"లేదు. పుట్టపర్తిలో ఎవరో బాగా కుడతారంట. చూస్తామని."

తాడు మీది నుంచి తీసి ఆమె చేతికి ఇవ్వబోయాను. "ఆడ పెట్టు" అంది. అరుగు మీద పెట్టాను. నేను లోపలికి వచ్చాక, సంచి నోరు తెరిచి, జాకెట్టు కొసను పట్టుకుని దాంట్లో వేసుకుంది. పట్టుగుడ్డ మీద నా రక్తం పడిన సంగతి అప్పటికి ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఆది చిన్నదైందని ఒకరు, కూతురికి పంపాలని ఒకరు. ఎవరూ గట్టిగా ఒక మాట అనలేదు. అంటే బదులు చెప్పేదాన్ని. వానాకాలం అయిపోయేసరికి తాడు ఖాళీ అయింది. ఆ ఏడు పంట కూడా లేదు. ఖాళీ తాడు కింద కూర్చుని మిషనుకు నూనె వేసి తుడిచేదాన్ని. వేరే పని లేదు.

"పొయ్యి చెప్పరాదా వాళ్లకు, అది కాదని," అన్నాడు రామాంజి.

"అది కాదని చెప్తా. మరి ఏదని అడుగుతారు. ఏదని చెప్పల్ల?"

నాకు రక్తం ఆగక చచ్చిపోతానేమోనని ఒక భయం ఉండేది. ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. బతికినా ఈ ఊళ్లో నా చేతి కుట్టు ఎవరూ వేసుకోరేమో. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువగా బాధపెట్టింది.

మరుసటి ఏడు మొదట్లో అనంతపురం డాక్టరు చీటీ రాసి బెంగళూరు పంపించాడు. పెద్ద ఆసుపత్రి. అక్కడ రక్తం జబ్బులు చూసే శారద మేడమ్‌ది మడకశిర వైపు. కన్నడం కలిసిన మన తెలుగు మాట్లాడింది. బోన్ మ్యారో టెస్టు చేయాలని చెప్పింది. బోర్లా పడుకోబెట్టి, మత్తుసూది వేసి, తుంటి దగ్గర ఎముకలోకి లావుపాటి సూది దింపింది. మందమైన గుడ్డలోకి సూది దిగకపోతే మేము మణికట్టు తిప్పుతూ నొక్కుతాము. ఆమె కూడా అట్లే తిప్పుతూ నొక్కింది. ప్రాణం లాగేసినట్టయింది. ఆ నొప్పిలో కూడా, ఈమెది బాగా పని తెలిసిన చెయ్యి అనుకున్నాను.

రిజల్టు రోజున రామాంజి కూడా ఉన్నాడు. "ఎముక లోపల మజ్జ బాగుండాది. క్యాన్సర్ కాదు" అంది మేడమ్ ముందుగా. తర్వాత చెప్పింది. "ప్లేట్‌లెట్స్ బాగానే తయారవుతాండాయి. నీ ఒళ్లే వాటిని చంపుకుంటాంది. ఐ.టి.పి. అంటారు."

"ఏమిటికి చంపుతాంది మేడమ్?"

"ఇంటికి కావలికని కుక్కను పెంచుకుంటారు గదా. ఒక దినం అది దొంగల్ని వదిలిపెట్టి మీ కోళ్లనే పట్టేది మొదలుపెడ్తే? ఏమిటికే అని అడిగితే కుక్క చెప్తాదా?"

రామాంజి నవ్వాడు. అన్ని నెలల్లో అతను నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం ఆ కుక్క మాట నచ్చలేదు. ఇంత దూరం వచ్చింది కోళ్ల కథ వినడానికా అనిపించింది. ఐ.టి.పి. అనే మూడు అక్షరాలను పూర్తిగా విడదీసి కాగితం మీద రాయించుకున్నాను. ఊరికి పోయి చూపించడానికి నాకు పేరు కావాలి.

ముందుగా గ్రంథాలయానికి పోయి పెద్ద నిఘంటువు తీశాను. మొదటి అక్షరానికి మాట ఇడియోపతిక్. అర్థం: కారణం తెలియని. ఎన్ని నెలలు తిరిగాను ఈ పేరు కోసం. పేరులో మొదటి మాటే 'తెలియదు' అని ఉంది. నిఘంటువు మూసి సారుకు చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "తెలియదని కూడా ఇంత గట్టిగా పేరు పెట్టుకున్నారంటే, ఆ తెలియకపోవడం నీ ఒక్కదానిదే కాదని అర్థం, పద్మా. నీ మాదిరి శానామంది ఉంటారు" అన్నాడు. తర్వాత తాళం తీసి, క్యాన్సర్ పుస్తకం కావాలా అని అడిగాడు. వద్దన్నాను.

మరునాడు ట్యాంకరు దగ్గర బిందె దించి అందరి ముందూ చెప్పాను. నాది ఐ.టి.పి. అని, అంటదని, బెంగళూరులో ఎముక నుంచి మజ్జ తీసి చూశారని.

"ఏందే అది, ఐ...?" అని అడిగింది హనుమక్క.

"ఐ.టి.పి."

"ఆ జబ్బులోనూ ఐ ఉండాది, దీంట్లోనూ ఐ ఉండాది. అదీ మూడక్షరాలే, ఇదీ మూడక్షరాలే. అక్కాచెల్లెండ్లేమో."

ఎవరో నవ్వారు. హనుమక్కది పాడు నోరే గాని పాడు మనసు కాదు, ఇప్పుడు ఆ మాట చెప్పగలను. ఆ రోజు బిందె నింపుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

రామాంజికి పౌరుషం వచ్చింది. హెచ్.ఐ.వి. రిపోర్టుకు ప్లాస్టిక్ కాగితం అంటించి వాకిలి తలుపుకు మేకులతో కొట్టాడు. చదివి చెప్పేవాడు ఊళ్లో ఒకడైనా ఉంటాడనుకున్నాం. ఉన్నాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన మా వీధి శ్రీరాములు వాకిట్లో నిలబడి, వేలు పెట్టి చదివాడు. "నెగటివ్ అని రాసుండాదప్పా. నెగటివ్ అంటే మైనస్. మైనస్ అంటే నష్టమే గదా." ఆ వివరణ నా వివరణ కంటే ముందే ఊరు చుట్టి వచ్చింది.

మందులు మొదలయ్యాయి. స్టెరాయిడ్ మాత్రలు. ప్లేట్‌లెట్స్ లక్ష దాటాయి. దానితోపాటు ఆకలి, నిద్రపట్టకపోవడం, షుగర్. ముఖం పొంగిన పూరీలా అయింది. అద్దంలో చూసుకోవడం మానేశాను. విచిత్రం ఏమిటంటే, నా ముఖం ఉబ్బినకొద్దీ ఊరి మాట మెత్తబడింది. ఆ జబ్బు వచ్చినవాళ్లు చిక్కిపోతారు కదా, ఈమె లావైందేమి అని వాళ్లకు అనుమానం. ఇద్దరు ఆడవాళ్లు గుడ్డలు కూడా తెచ్చారు. తర్వాత మేడమ్ డోసు తగ్గించింది. డోసు తగ్గగానే అంకె పడిపోయింది. ముఖమూ తగ్గింది. ముఖం తగ్గగానే మాట మళ్లీ మొదలైంది. ఆ ఇద్దరూ కుట్టకముందే గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు.

ఆ ఏడు చివర నెలసరి రక్తం ఆగక అనంతపురంలో చేర్చారు. రక్తం ఎక్కించారు. మా అత్త మంచం కింద చాప పరుచుకుని పడుకునేది. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి డబ్బాలో పెట్టుకుని వచ్చి, నేను తినకపోతే తానూ తినేది కాదు. మళ్లీ స్టెరాయిడ్, మళ్లీ పూరీ ముఖం, మళ్లీ తగ్గింపు, మళ్లీ పడిపోవడం. పొట్టలో స్ప్లీన్ అనే అవయవం ఉంటుంది, దాన్ని తీసేస్తే తగ్గవచ్చని ఒక డాక్టరు అన్నాడు. "తొందరేమీ లేదు, చూద్దాము" అంది శారద మేడమ్. "ముప్పైవేల పైన ఉండి, రక్తం కారకుంటే మందు లేకుండానే ఉండొచ్చు. మందు అంకెకు కాదమ్మా, మనిషికి."

అలా రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అలసట గురించి పుస్తకాల్లో ఒక మాటలో రాస్తారు, నీరసం అని. ఒంటి నీరసం తిండితో కొంత పోతుంది. ఎదురుచూసి ఎదురుచూసి వచ్చే నీరసానికి ఏం తినాలో ఎవరూ రాయలేదు. అంకె బాగుంటే ఎన్నాళ్లుంటుందో అని, బాగాలేకపోతే ఎంతకు దిగుతుందో అని. రిపోర్టు కవరు విప్పకుండా మడిచి రవికలో పెట్టుకుని, బస్సు మా ఊరి మలుపు తిరిగేదాకా అట్లే కూర్చున్న రోజులున్నాయి.

2004లో ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవి వచ్చింది. ఆమెది మా ఊళ్లోనే చివరి వీధి. భర్త లారీ డ్రైవరు. ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఆమెకూ ఉందని ఊరికంతా తెలుసు. ట్యాంకరు దగ్గర ఆమె బిందె అందరికంటే చివర ఉండేది. వాకిలి బయటే నిలబడి, "పద్మక్కా, పని పట్టుకుంటాండావా?" అంది. చేతిలో నీలం వాయిల్ గుడ్డ ఉంది.

"రా, కూచో" అన్నాను. అరుగు మీద కూర్చుంది.

"కొత్తచెరువులో అడిగినా, పుట్టపర్తిలో అడిగినా. సూది గుచ్చుకుంటాదని ఎవరూ తీసుకోలేదు. నీకైతే పర్వాలేదు గదా అక్కా. మనిద్దరిదీ ఒకటే గదా."

మూడేళ్లుగా ఊరందరికీ చెప్పిన మాట నా నోటి దాకా వచ్చి ఉంది. నాది అది కాదు అని. ఎంతమందికి, ఎంత గట్టిగా చెప్పి ఉంటాను. ఆమె తలుపు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఆ కాగితం ఏందక్కా, మందుల చీటీనా?"

"నాకు ఆ జబ్బు లేదని రాసిన కాగితం" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. "నాది వేరే లక్ష్మీదేవీ."

"అట్లనా." ఆమె ముఖంలో కోపం లేదు. ఉన్న ఒక్క తోడూ పోయినట్టు చూసింది. "నాకు తెలీదక్కా. మంచిదే గదా. పోతాలే అయితే." గుడ్డ మడత పెట్టుకుని లేచింది.

ఆమె లేవడం చూసేదాకా నాకు తెలియలేదు, ఆ కాగితం మా వాకిట్లో ఏం పని చేస్తున్నదో. అది ఊరికి నా గురించి చెప్పలేదు. ఆమె గురించి చెప్పింది, ఆమె లాంటివాళ్లకు దూరంగా ఉండాలని.

"గుడ్డ యాడికి తీసుకుపోతాండావు?" అన్నాను. "ఆది తెచ్చినావా?"

ఆమె అక్కడే నిలబడిపోయింది. "సూది గుచ్చుకుంటేనో?"

"గుచ్చుకుంటే నా వేలికి నా సూది గుచ్చుకుంటాది. దాన్నించి నీకేం రాదు, నాకేం రాదు. నేను చదివినా. కూచో."

ఆమె కూర్చుంది. కొంగులో నుంచి పాత ఆది తీసి నా చేతిలో పెట్టింది. దాన్ని కొలుస్తుంటే అడిగింది. "మరి నీదేందక్కా?" మూడేళ్లలో ఆ ప్రశ్నను తెలుసుకోవాలని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఐ.టి.పి. అనబోయి ఆగాను.

"మా ఇంటి కుక్క మా కోళ్లనే పడ్తాంది" అన్నాను.

"ఏమిటికంట?"

"కుక్క చెప్పలేదు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పక్కింటి కోళ్ల జోలికి పోదా?"

"పోదు. మా ఇంట్లోవే."

సాయంత్రం మేకులు పీకి కాగితం తీసేశాను. రామాంజి, "ఏమిటికి తీసినావు?" అని అడిగాడు. "దాన్ని చూసి ఎవరూ రాలేదు. వచ్చిన ఒక్కటీ పోబోయింది" అన్నాను. అతను మేకులు ఏరి డబ్బాలో వేశాడు.

లక్ష్మీదేవి నీలం జాకెట్టు వేసుకుని ఊళ్లో తిరిగింది. ఎవరు కుట్టారని అడిగినవాళ్లకు నా పేరుతోపాటు కుక్క సంగతి కూడా చెప్పింది. మా అత్త కూడా ఆ మాట పట్టుకుంది. తేడా అన్న మాటను ట్యాంకరు దగ్గర మొదలుపెట్టిందీ ఆమే, కుక్క మాటను చేరవేసిందీ ఆమే. నిఘంటువుతో నేను చేయలేని పని, కోళ్లు పెంచుకునే ఊళ్లో ఆ కుక్క చేసింది. ఒక్క రోజులో కాదు. ఏడాదికి పైనే పట్టింది. కొందరు రానే లేదు.

హనుమక్క వచ్చింది. వాకిట్లో నిలబడి, "ఏమే పద్మా, మీ కుక్క ఎట్లుండాది?" అని అడిగింది.

"పండుకోనుండాది హనుమక్కా."

"లేపొద్దులే" అని, ఆది జాకెట్టు నా చేతికే ఇచ్చింది. పాత సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇది 2009. మందులు లేవు. మూడు నెలలకోసారి ఒకే ల్యాబ్‌లో సి.బి.పి. చేయించుకుంటాను. అంకె అరవైవేల అటూ ఇటూ తిరుగుతుంది. ఒకసారి నలభైకి దిగి, దానంతటదే లేచింది. ఎందుకు దిగిందో, ఎందుకు లేచిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను. ఒళ్లునొప్పుల మాత్రలు డాక్టరును అడగకుండా మింగను. హుక్కులు కుట్టేటప్పుడు వేలికి లోహపు తొడుగు పెట్టుకుంటాను. తొడల మీద మచ్చలు వస్తూ పోతూ ఉంటాయి. నయమైందని రాయలేను. అలవాటైందని రాయగలను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు గదిలో కుర్చీలో నుంచి లేచే ముందు, "ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు ఏమని చెప్పాలి?" అని అడగండి. పేరు కాదు, ఒక వాక్యం అడగండి. మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో అడగండి. తోడు వచ్చినవాళ్ల ముందే డాక్టరు చేత చెప్పించుకుని, మీరు తిరిగి ఒకసారి ఆయనకే అప్పజెప్పండి. జబ్బుకు కారణం తెలియకపోయినా ఆ వాక్యం ఉండాలి. అది మీరు తెచ్చుకోకపోతే ఊరే ఒకటి తయారుచేసుకుంటుంది.

ఇంక పేర్లు చెప్పాలి. పుస్తకాలు ఇచ్చినందుకూ, ఒక పుస్తకం ఇవ్వనందుకూ నారాయణస్వామి సారుకు. కుక్కను ఇచ్చిన శారద మేడమ్‌కు. మంచం కింద చాప మీద పడుకుని, ఇది రాసేనాటికి లేకుండా పోయిన మా అత్త ఓబులమ్మకు. మేకులు కొట్టినందుకూ, ఎందుకు పీకావని రెండోసారి అడగనందుకూ రామాంజికి. తిరిగి వచ్చిన హనుమక్కకు. చివరగా లక్ష్మీదేవికి. పేరు రాయాలా వద్దా అని అడిగితే, "రాయక్కా, నాకింగ దాచేదేముండాది" అంది. ఆమె నెలనెలా అనంతపురం పోయి మందులు తెచ్చుకుంటోంది. ఆమె ఆది జాకెట్టు తాడు మీద మొదట ఉండేది. పోయిన వారం దాన్ని తీసేశాను. ఆమె లావైంది, అది సరిపోవడం లేదు. కొత్త ఆది కుట్టాను.